నాలుగో అంతస్తు పార్సిల్

ఆ రోజు నా బ్యాగులో మిగిలింది ఒక్కటే పార్సిల్. నాలుగో అంతస్తు, లిఫ్ట్ లేదు, టైము దాటితే ఇన్‌చార్జి ప్రాణం తీస్తాడు. కింద బండి మీద కూర్చునే ఫోన్లో ‘ఇంటికి తాళం’ అని కొట్టేశాను. మా లైన్లో చాలామంది చేసే పనే. సిగ్గుపడాల్సిన పని, కానీ అప్పుడు సిగ్గేయలేదు.

మూడో రోజు ఒకమ్మాయి మా కొరియర్ ఆఫీసుకొచ్చింది. టైలరట, మెడలో టేపు అలాగే ఉంది. అరవలేదు. వాళ్ల నాన్నగారి చెవి మిషన్ రిపేరై రావాలని, అది లేకపోతే ఆయనకి ఏమీ వినపడదని, ఆ రోజు పొద్దున్నుంచీ గుమ్మంలోనే కూర్చున్నానని చెప్పింది.

"తాళం ఎవరు చూశారండీ?" అంది.

ఇన్‌చార్జి సిస్టమ్ తప్పని సర్దేశాడు. పార్సిల్ అప్పటికే వెనక్కి వెళ్లిపోయింది, మళ్లీ రావడానికి ఎనిమిది రోజులు. నేను పక్కనే తల దించుకుని పార్సిళ్లు సర్దుతూ ఉండిపోయాను.

ఆ ఎనిమిది రోజులూ డ్యూటీ కాగానే వెళ్లి, పార్సిల్ ఎక్కడిదాకా వచ్చిందో చెప్పొచ్చేవాణ్ణి. ఫోన్లో చెప్తే సరిపోయేది. ఆమె మంచినీళ్లిచ్చి, నేను చెప్పింది కాగితం మీద రాసి వాళ్ల నాన్నగారికి చూపించేది. ఆయన చదివి నా భుజం తట్టేవారు. నాకు చచ్చినంత పనయ్యేది. నాలుగో రోజుకే ఆమె మీద మనసు పడ్డానని తెలిసిపోయింది. నిజం చెప్తే ఇక నా మొహం చూడదనీ తెలుసు.

మిషన్ నేనే తెచ్చిచ్చాను. ఆమె ఆయన చెవికి పెట్టి, "నాన్నా" అంది. ఇంకోసారి పిలవమన్నారాయన. మళ్లీ పిలిచింది. ఇద్దరి కళ్లల్లోనూ నీళ్లు. అది చూశాక ఇంక దాచడం నావల్ల కాలేదు.

"ఆ రోజు తాళం అని కొట్టింది నేనే. అసలు పైకే రాలేదు," అన్నాను.

ఆమె ఖాళీ మిషన్ డబ్బా మూసి పక్కన పెట్టింది.

"మరి ఆ తర్వాత రోజూ ఎందుకొచ్చారు?"

"పైన మీరున్నారని తెలిసింది కాబట్టి."

"ఎవరున్నా రావాలి," అంది.

అవునన్నాను. వెళ్లడానికి లేచాను. బయట చెప్పులేసుకుంటుంటే లోపల్నుంచి ఆయన గొంతు వినిపించింది.

"అతను చెప్పకపోతే మనకి తెలిసేదే కాదమ్మా. రేపు రమ్మను."

"రేపు మనకి పార్సిలేమీ లేదు నాన్నా."

"లేదనే రమ్మంటున్నా."

ఆమె గుమ్మం దాకా వచ్చింది. మొహంలో కోపం ఇంకా పోలేదు.

"ఆరింటికైతే నా కుట్టుపని అయిపోతుంది," అంది.