అమ్మ ఆపిన ఆట

"కావలి నీళ్ళు తాగి, నెల్లూరుకి చప్పట్లా?"

గ్రౌండు అంచున నిలబడిన కామాక్షమ్మ వెనక్కి తిరిగింది. కావలి కాలేజీ జట్టు ఆటగాడు మాలకొండయ్య, చంకలో ఫుట్‌బాల్ పెట్టుకుని నవ్వుతున్నాడు.

"చదువుకునే కాలేజీకి గాక, ఎదురింట్లో అద్దెకుండే వాళ్ళకి కొట్టమంటారా?" అంది.

కావలిలో అతని గది వాళ్ళింటికి ఎదురుగానే. ఆమె రోజూ రైల్లో నెల్లూరు వచ్చి చదువుకుంటోంది. ఏడాదిగా ఇద్దరి మధ్యా కిటికీ చూపులూ, ఇలాంటి ఎత్తిపొడుపులూ తప్ప ఇంకేమీ లేదు. ఈ రోజు పంతొమ్మిది వందల అరవై రెండో సంవత్సరపు కాలేజీ పోటీల ఫైనల్. ఆ ఏడు రెండు జట్లూ ఒక్క మ్యాచ్ అయినా ఓడలేదు.

"గెలిస్తే మిమ్మల్ని ఒక మాట అడగాలి."

"ఓడితే?"

"అడిగే మొహం ఉండదు."

"అయితే మొహం జాగ్రత్త," అని ఆమె తల తిప్పుకుంది. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

సగం ఆట అయ్యేసరికి చెరొక గోలు. వాన మొదలైంది. నెల్లూరు వాళ్ళందరికీ బూట్లున్నాయి. కావలి వాళ్ళలో సగం మందివి ఉత్తి కాళ్ళు, మాలకొండయ్యవీ అంతే. బంతి కోసం దూకిన మాలకొండయ్య ఎదుటివాడి బూటు తగిలి బురదలో బొక్కబోర్లా పడ్డాడు. మోకాలు పట్టుకుని లేచేలోగా జనం ఒక్కసారిగా ఘొల్లున నవ్వారు.

తలెత్తి చూస్తే అమ్మ. విడవలూరు దగ్గర పల్లెలో ఉండాల్సిన వెంకటశేషమ్మ, చీర మోకాళ్ళ దాకా ఎత్తి పట్టుకుని గ్రౌండు మధ్యకి పరిగెత్తుకొస్తోంది. కొడుకు నెల్లూరులో ఆడబోతున్నాడనీ, బంతాటలో కాళ్ళు విరగ్గొట్టుకుంటారనీ ఎవరో చెప్పారట. ఆ మాట విన్నప్పటినుంచి ముద్ద దిగక, చెప్పాపెట్టకుండా బస్సెక్కేసింది.

చెంగులో మూటగట్టిన ఉప్పూ మిరపకాయలూ పిడికిట్లోకి తీసుకుని, అతని కాలు చుట్టూ దిష్టి తిప్పింది. దొర్లుకుంటూ వచ్చిన బంతిని రెండు చేతులతో పొదివి పట్టుకుంది.

"ఈ బంతి ఉండబట్టే గదా బిడ్డలు ఇట్టా తన్నుకునేది. నేనియ్యను."

ఈల వేసి వేసి అలిసిన రిఫరీ మాలకొండయ్య వైపు తిరిగాడు. "ఎవరయ్యా ఈమె? మీ మనిషా?"

అతని కళ్ళు ముందు గ్రౌండు గట్టు మీదికి పోయాయి. అక్కడ కామాక్షమ్మ కూడా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది.

"తెలియదు సార్."

వెంకటశేషమ్మ కొడుకు మొహంలోకి ఒక్క క్షణం చూసింది. బంతి రిఫరీ చేతిలో పెట్టింది.

"తప్పయిపోయింది నాయనా. మావాడనుకున్నా." పోతూ పోతూ పరాయివాడికి చెప్పినట్టు, "కాలు జాగర్త అబ్బయ్యా," అంది.

ఆ తర్వాత అతను ఎలా ఆడాడో అతనికే తెలియదు. చివర్లో గోలు కొట్టింది అతనే. కావలి గెలిచింది. స్నేహితులు భుజాల మీదికెత్తుకుంటే దింపమని బతిమాలాడు. ఎంత ఎత్తులో ఉంటే అంత బాగా కనబడుతోంది, దూరంగా కామాక్షమ్మ గొడుగు కింద ముడుచుకుని నిలబడిన అమ్మ.

కామాక్షమ్మే ఎదురొచ్చింది. "గెలిచారుగా. అడగండి."

అతని చూపు అమ్మ మీదే ఉంది.

"ఆ తర్వాత మీరు కిందపడినప్పుడల్లా మీ అమ్మ 'మా మాలకొండ' అంటూ నా చెయ్యి నొక్కేసింది. చూడండి, ఎట్లా కందిపోయిందో." ఆమె చెయ్యి చాపి చూపించింది. "నేను తెలియక నవ్వాను. మీరు తెలిసీ తెలియదన్నారు."

అతను కుంటుకుంటూ, కప్పు పెట్టిన బల్ల దగ్గరున్న రిఫరీ వైపు పోయాడు. "సార్, ఇందాక అబద్ధం చెప్పినాను. ఆమె మా అమ్మ."

వెంకటశేషమ్మ గాబరాగా ముందుకొచ్చింది. "వీడికి దెబ్బ తగిలి మతి చెదిరింది సార్. పట్టించుకోబాకండి."

ఆ మాటకు అతను అమ్మ కాళ్ళ దగ్గర బురదలో కూలబడ్డాడు.

"లెయ్‌రా, నలుగురూ చూస్తున్నారు. ముందు మోకాలు చూపించు." కొంగుతో రక్తం తుడుస్తూ పక్కకి తిరిగింది. "నువ్వెవరి బిడ్డవమ్మా?"

"పద్మనాభయ్య గారి అమ్మాయిని. మీ అబ్బాయి గదికి ఎదురిల్లే, అత్తా."

ఆ పిలుపు విని మాలకొండయ్య తలెత్తాడు.

"ఈయనేదో మాట అడగాలన్నారు," అంది కామాక్షమ్మ నేల చూపులు చూస్తూ. "ఇప్పుడు నోరు పెగలడం లేదు. అందుకని నేనే మిమ్మల్ని అడుగుతున్నా."

వెంకటశేషమ్మకి అర్థమైంది. కొడుకునీ, పిల్లనీ మార్చి మార్చి చూసింది. "వీడి సంగతి కళ్ళారా చూసినావు గదా. బాగా ఆలోచించుకో."

"ఆలోచించే అడుగుతున్నా."

"అట్టయితే మీ నాయనతో నేనే వొచ్చి మాట్లాడతా. వీణ్ణి తీసుకురాను. కన్నతల్లినే తెలియదన్నోడు, మీ వాకిట్లో నిలబడి నిన్నూ తెలియదంటాడు."

చుట్టూ ఉన్న రెండు జట్ల వాళ్ళూ పగలబడి నవ్వారు. మాలకొండయ్య అమ్మ కొంగు చివర పట్టుకుని, తలొంచుకుని నిలబడ్డాడు. ఈసారి ఎవరు నవ్వుతున్నారో చూడలేదు.