బాతురాజు మూడో గండం

బుధవారం మధ్యాహ్నం మూడింటికి మార్నీ ఓస్లండ్ ఆఫీసులోకి వచ్చి కూర్చుంది గానీ, చేతి తొడుగులు తియ్యడం కూడా ఆమె వల్ల కాలేదు. వేళ్ళు అంతగా వణుకుతున్నాయి. అది చలికి వచ్చిన వణుకు కాదు. ఇరవయ్యేళ్ళుగా మినసోటా మంచులో స్కూలు బస్సు నడుపుతున్న మనిషికి చలి ఒక లెక్కా?

"సాయంత్రం అయిదింటికి మేయర్ చచ్చిపోతాడండీ," అంది. "చంపింది నేనేనంటారు."

లైల్ బ్రాండ్‌వోల్డ్ చేతిలో పెన్ను ఆగిపోయింది. ప్రైవేట్ డిటెక్టివ్ ఆగస్టా పెల్టియర్ దగ్గర అతను ఆరేళ్ళుగా సహాయకుడు. ఆమె బుర్ర మీద అతనికున్న గురి ఆదివారం చర్చిలో కూడా ఉండదు. 

"మొదటినుంచీ చెప్పండి," అంది ఆగస్టా.

మార్నీ చెప్పింది. ప్రతి ఆదివారం టౌన్ హాల్ కింది గదిలో వాళ్ళు ముగ్గురు కథల ఆట ఆడతారు. కథ నడిపేది మార్నీ. మంచు తోసే బండి డ్రైవర్ డెల్, మందుల షాపు ఐనెజ్ అందులో వీరులు. ఏ పని చెయ్యాలన్నా ఇరవై ముఖాల పాచిక వేసి తీరాలి; పెద్ద అంకె పడితే పని జరుగుతుంది, ఒకటి పడితే బెడిసికొడుతుంది. ఈ కథలో రాజు ఎవరో కాదు, వాళ్ళ మేయర్ ఆర్విల్ టాంబ్లిన్.

ఆర్విల్‌ని కొత్తగా కల్పించాల్సిన పని కూడా లేదు. ఒక్కనాడూ పడవెక్కని ఆయన ఎప్పుడూ ఓడ కెప్టెన్ టోపీతో తిరుగుతాడు. డచెస్ అనే పెంపుడు బాతుని కౌన్సిల్ సమావేశాలకి తెచ్చి పక్క కుర్చీలో కూర్చోబెడతాడు. మాట్లాడే ముందు గొంతు బాగుండాలని చెంచాడు తేనె తింటాడు. ఆయన ప్రత్యర్థి బెర్నడీన్ క్రౌస్, కప్పు ఎప్పుడు కారుతుందో చెప్పలేమని హాల్లో కూడా గొడుగు విప్పుకునే కూర్చుంటుంది. కథలో ఆవిడ గొడుగు మంత్రగత్తె.

"బాతురాజుకి మూడు గండాలు రాశానండీ. మొదటిది, బాతుని ఎత్తుకుపోయి గోపురంలో కట్టేస్తారు. అది రాసిన వారానికే నిజం డచెస్‌ని టౌన్ హాల్ గోపురంలో కట్టేశారు, సగం గడ్డకట్టిపోయింది పాపం. రెండోది, రాజు కుర్చీ తగలబడుతుంది. మేయర్ కుర్చీ తగలబడింది. మూడోది..." మార్నీ గడియారం వంక చూసింది. "తేనెలో విషం. ఇవాళ అయిదింటికి కౌన్సిల్ సమావేశం, ఆయన తేనె తినే వేళ. మొన్న ఆదివారం తుఫానుకి రోడ్లు మూసేశారు, ఆడలేదు. నాకూ నా పుస్తకానికీ తప్ప ఎవరికీ తెలీదు. షెరిఫ్ అప్పుడే మా మీద కన్నేశాడు. ఆ పేజీ చూస్తే ఇంకేమైనా ఉందా!"

"పుస్తకం ఎక్కడుంటుంది?"

"కింది గది బీరువాలో. తాళంచెవి మేకుకి తగిలించి ఉంటుంది. మా వాళ్ళు ముట్టుకోరండీ. కథ నడిపేవాళ్ళ పుస్తకం చూడకూడదు, అది ఆట నియమం. డెల్ మాత్రం ఆడేటప్పుడు పక్కనుంచి తొంగిచూస్తాడు, వెధవ."

ఆగస్టా అప్పటికే కోటు వేసుకుంటోంది. "లైల్, షెరిఫ్‌కి ఫోన్ చెయ్. నాలుగున్నరకల్లా కౌన్సిల్ హాల్లో ఉండమను."

టౌన్ హాల్ గుమ్మం దగ్గర ఉపమేయర్ వారెన్ స్పెల్మన్ ఎదురొచ్చి కోట్లు అందుకున్నాడు. బూడిదరంగు సూటు, బూడిదరంగు టై. ఒకసారి చూసిన మనిషి రెండోసారి గుర్తుపట్టలేని మొహం. ఈ ఊరి కౌన్సిల్లో ఏ పిచ్చీ లేని మనిషి ఇతనొక్కడే అని లైల్ మనసులో కాస్త ధైర్యం తెచ్చుకున్నాడు.

"ఆ ఆటవాళ్ళ గురించేనా?" అన్నాడు స్పెల్మన్ విచారంగా. "షెరిఫ్‌కి చెప్పాను. ఆదివారాలు పైన నా పని నేను చేసుకుంటుంటే కిందనుంచి అంతా వినిపిస్తుంది. బాతుని గోపురంలో కట్టేశామని ఒకటే నవ్వులు. రాజు కుర్చీ బూడిదైందని చప్పట్లు. ఆటంటే ఆటే అనుకున్నానండీ, ఇలా చేస్తారనుకోలేదు."

"మంచి చెవులు," అంది ఆగస్టా.

కింది గదిలో డెల్, ఐనెజ్ బిక్కుబిక్కుమంటూ కూర్చున్నారు. బల్ల మీద పాచికలు చల్లి ఉన్నాయి గానీ ఎవరూ ముట్టుకోవడం లేదు.

"బాతు కథ మీరు ఎలా ఆడారు?"

డెల్ భయంలోనూ నవ్వాపుకోలేకపోయాడు. "అదా? దాన్ని పట్టుకుందామని దొంగల తరఫున మార్నీ పాచిక వేసింది. ఒకటి పడింది. బాతు వాళ్ళ వేలు కొరికి చెరువులోకి ఎగిరిపోయింది. మార్నీ మొహం చూడాలి మేడమ్ అప్పుడు! వారమంతా కూర్చుని రాసుకున్నదంతా గంగలో కలిసింది."

"కుర్చీ?"

"నేను ఇరవై వేశాను," అంది ఐనెజ్. "మంట అంటుకోకముందే మంచు మంత్రం. కుర్చీకి సెగ కూడా తగల్లేదు." ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "మేడమ్, విషమంటే మందుల షాపుదాన్ని నన్నే కదా ముందు పట్టుకుంటారు?"

లైల్ అంతా రాసుకున్నాడు గానీ ఒక్క ముక్కా అతుక్కోలేదు. గోడ గడియారంలో అయిదు కావస్తోంది. మార్నీతో సహా ఆటవాళ్ళు ముగ్గురూ వాళ్ళ వెంట మెట్లెక్కారు.

హాల్లో అందరూ చేరారు. మేయర్ కొత్త కుర్చీలో, డచెస్ పక్క కుర్చీలో, బెర్నడీన్ గొడుగు కింద. తలుపు దగ్గర షెరిఫ్ నిలబడ్డాడు. మేయర్ ముందు తేనె సీసా, వెండి చెంచా ఉన్నాయి. ఆయన అప్పుడే మూత తీస్తున్నాడు.

"ఆర్విల్ గారూ, ఆ చెంచా కింద పెట్టండి!" ఆగస్టా గొంతు హాలంతా మోగింది. మార్నీ కెవ్వుమంది. చెంచా చప్పుడు చేస్తూ బల్ల మీద పడింది.

"నా గొంతు ఏమైపోవాలి?" అన్నాడు మేయర్.

"ఇవాళ్టికి బొంగురుగానే మాట్లాడండి. స్పెల్మన్ గారూ, ఆదివారాలు మీరు విన్నది అందరికీ మరోసారి చెబుతారా?"

స్పెల్మన్ పొల్లు పోకుండా చెప్పాడు. బాతు గోపురంలో. కుర్చీ బూడిద.

"అదెవరి ఆటండీ బాబూ?" అన్నాడు డెల్. "మా ఆటలో బాతు చెరువులో ఉంది."

 ఆగస్టా తాపీగా చెప్పసాగింది.

"ఈ ఆటలో రాసింది ఒకటి, జరిగేది ఒకటి. పాచిక వేశాక ఏ రాతా నిలవదు. కూర్చుని ఆడిన ఎవరికైనా గుర్తుండేది ఎగిరిపోయిన బాతు, చెక్కుచెదరని కుర్చీ. ఊళ్ళో జరిగినవి మాత్రం అచ్చం పుస్తకంలో రాసినట్టు జరిగాయి. అంటే చేసినవాడు పుస్తకం చదివాడు గానీ, ఆట ఒక్కసారి కూడా వినలేదు. రాసినదే ఆడతారనుకున్నాడు. మేయర్‌కి ఏమైనా అయితే ఆ కుర్చీ ఎవరిది? ఉపమేయర్‌ది. షెరిఫ్ చేతికి పుస్తకం దొరికితే ఉరి ఎవరి మెడకి? మార్నీకి. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈ దొంగ తను వినని నవ్వుల్ని కూడా విన్నానని చెప్పి తనే దొరికిపోయాడు."

"ఇదంతా ఊహ," అన్నాడు స్పెల్మన్. అతని గొంతు ఇంకా మర్యాదగానే ఉంది.

ఆగస్టా చెంచాతో తేనె తీసి అతని ముందుకు చాపింది. "ఊహే కావచ్చు. ఒక్క చెంచా తినండి, క్షమాపణ చెప్పి వెళ్ళిపోతాను."

తేనె చెంచా అంచున సాగి బల్ల మీద పడుతోంది.  తినేస్తాడేమోనన్న భయం లైల్‌కి ఒకవైపు, తినడేమోనన్న భయం ఇంకోవైపు. స్పెల్మన్ చెంచా అందుకోలేదు. జేబురుమాలు తీసి, ఎప్పటిలాగే శుభ్రంగా, బల్ల మీద పడిన చుక్కలు తుడిచాడు.

"ఎలుకల మందు," అన్నాడు నెమ్మదిగా.

బెర్నడీన్ గొడుగు జారిపోయింది. మేయర్ బాతుని గుండెలకి హత్తుకున్నాడు.

"ఇరవై రెండేళ్ళు," స్పెల్మన్ మొదటిసారి గొంతు పెంచాడు. "ఈ టోపీ పిచ్చాడి వెనక ఊరంతా నేను నడిపాను. మంచు తోయించింది నేను, నీళ్ళు ఇప్పించింది నేను. ఎవరికైనా తెలుసా? ఆ పుస్తకం ఉందని తెలిసి, నన్ను ఎలా వెక్కిరించారో చూద్దామనే మొదట తెరిచాను. పేజీ పేజీ వెతికాను. వీడున్నాడు, ఆ గొడుగు మనిషుంది, బాతుకి కూడా పేరుంది. నేను లేను! కనీసం వెక్కిరించడానికి కూడా పనికిరాలేదు నేను."

షెరిఫ్ అతని భుజం మీద చెయ్యి వేశాడు. అప్పుడు మార్నీ లేచింది. 

"మీరున్నారండీ," అంది. "కోట తాళాల మనిషి. అందరూ పిచ్చివాళ్ళే అయిన కోటలో రాజు నమ్మే ఒకే ఒక్కడు. మూడో గండంలో రాజు నోటిదాకా వెళ్ళిన చెంచాని పట్టుకుని ఆపేది అతనే. అది నేను రాసుకోలేదు. డెల్ తొంగిచూస్తాడని, మంచివన్నీ మనసులోనే దాచుకుంటాను."

స్పెల్మన్ తలుపు దగ్గర ఆగిపోయాడు. బూడిదరంగు మొహంలో నెత్తురుచుక్క లేదు.

"అతనికేం పేరు పెట్టావు?" అని అడిగాడు.

మార్నీకి ఏడుపొచ్చింది.

"పెట్టలేదండీ. ఆదివారం మిమ్మల్ని ఆటకి పిలిచి, మిమ్మల్నే అడుగుదామనుకున్నాను."