ఒంటి చెప్పు కేసు

మొగలిలంకలో ధర్నాలు కొత్త కాదు. కొబ్బరికాయ ధర పడిపోతే ధర్నా, కాలవకి నీళ్ళొదలకపోతే ధర్నా. కానీ తన కేబుల్ ఆఫీసు ముందు, అదీ తన పేరు మైకులో చెప్పి మరీ తిడుతూ, ఒక అమ్మాయి కూర్చోవడం నాగసతీష్ జీవితంలో అదే మొదలు.

అది 2005 జూలై. ముసురు పట్టిన ఆదివారం.

ఆ అమ్మాయి పేరు ఉమామహేశ్వరి. ఊళ్ళో ఉన్న ఒకే ఒక్క సినిమాహాలు, విజయకుమారి టాకీస్, వాళ్ళ నాన్న కాశీవిశ్వనాథం గారిది. అమలాపురంలో డిగ్రీ అయ్యాక ఆ హాల్లోనే టికెట్లిస్తోంది. వెనక ఆవిడ సైన్యం ఇద్దరే. మెషీన్ తిప్పే వెంకటస్వామి, ఆడవాళ్ళ గేటు చూసే చిన్నతల్లి.

"శుక్రవారం మా హాల్లో వేసిన సినిమా, శనివారం ఈయన కేబుల్లో వేసేరు. ఇది దొంగతనం కాదాండీ?" అని మైకులో అడిగింది.

జనం గొడుగుల కింద నిలబడి కాసేపు ఆలోచించారు. వాళ్ళలో సగం మంది నిన్న రాత్రి ఆ సినిమా చూసినవాళ్ళే.

"దొంగతనం ఎలాగవుద్దండీ?" అన్నాడు కిరాణా కొట్టు దొరబాబు. "మీ సినిమా మీ దగ్గరే ఉంది కదా. మేం చూస్తే అరిగిపోద్దేటండీ?"

"పోయిన నెల రెండు కొబ్బరికాయలు తీసేడని ఓ మనిషిని కరెంటు స్తంభానికి కట్టేసేరు కదండీ. మరి అదేంటి?"

"అది దొంగతనమండి. ఇది కాలక్షేపం."

"అలాగా! కట్టడానికి తాడు దొరక్కపోతే వైరెవరిచ్చేరో చెప్పండి."

అందరి తలలూ నాగసతీష్ వైపు తిరిగాయి. ఇచ్చింది తనే. కొత్త కేబుల్ వైరు చుట్టలోంచి కోసి మరీ ఇచ్చాడు. ఆ రోజు ఊరికి ఉపకారం చేశానని ఛాతీ కూడా విరుచుకున్నాడు.

ఇంతలో జీపు వచ్చింది. ఎస్సై ధర్మరాజు దిగి, ముందు రోడ్డుకి రెండు వైపులా ఆగిన బళ్ళు చూశాడు. తరవాత అమ్మాయిని చూశాడు.

"లేవండమ్మా. ట్రాఫిక్ ఆగిపోయింది."

"దొంగనొదిలేసి మమ్మల్ని లేపుతారేంటండీ?"

"దొంగ లోపల కుర్చీలో కూర్చున్నాడు. రోడ్డు మీద కూర్చుంది మీరు."

జనం చప్పట్లు కొట్టారు. పోలీసంటే అలా ఉండాలన్నాడు దొరబాబు. లేడీ కానిస్టేబుల్ చెయ్యి పట్టుకుని జీపెక్కిస్తుంటే ఉమామహేశ్వరి ఎడమకాలి చెప్పు జారి బురదలో పడింది. నాగసతీష్ పకపకా నవ్వాడు. ఆవిడ జీపులోంచి ఒక్క చూపు చూసింది. నవ్వు సగంలోనే ఆగిపోయింది.

జీపు వెళ్ళాక ఆ చెప్పు తీశాడు. నీలం రంగుది, పైన చిన్న ఇత్తడి పువ్వు. కొళాయి కింద కడిగి, తువ్వాలుతో తుడిచి, బల్ల సొరుగులో పెట్టాడు. పొద్దున్నే ఇచ్చేద్దామనే అనుకున్నాడు, పాపం.

పొద్దున్నే ఆవిడే వచ్చింది. రాత్రే స్టేషన్లోంచి పంపించేశారట. వర్షంలో సగం తడిసి, హవాయి చెప్పులతో.

"నిన్న నా చెప్పొకటి ఇక్కడ పడిపోయింది. చూసేరా?"

చూశానంటే తీసుకుని వెళ్ళిపోతుంది. మళ్ళీ ఎందుకొస్తుంది? నాగసతీష్ నోరు అతనికన్నా ముందు ఆలోచించింది.

"లేదండి. ఆయ్... వెతికిస్తానండి. రేపోసారి రండి."

రేపు వచ్చింది. ఎల్లుండీ వచ్చింది. చెప్పు దొరకలేదు గానీ పోట్లాట మాత్రం రోజూ దొరికింది. పైరసీ అంటే ఏంటో ఆవిడ చెప్పడం, నేను వెయ్యకపోతే పక్కూరువాడు వేస్తాడండీ అని ఇతను అనడం. ఆవిడ రాని రోజున నాగసతీష్‌కి సీరియల్ మధ్యలో కరెంటు పోయినట్టుండేది.

నెలాఖరుకి టాకీసు వెనక వీధిలో కేబుల్ డబ్బులు అడిగితే ఎవ్వరూ ఇవ్వలేదు.

"మీ కనెక్షన్ మాకొద్దు బాబూ," అంది చిట్టెమ్మగారు, అట్టు తిరగేస్తూ. "టాకీసువాళ్ళు ఊరికే ఇస్తన్నారు."

వెళ్ళి చూస్తే, టాకీసు ప్రహరీ మీదుగా పోయే తన వైరుకి ఎవరో శుభ్రంగా లంకె వేశారు. అక్కణ్ణించి వీధి వీధంతా పాకించారు. చేతివాటం వెంకటస్వామిది, ఆలోచన ఎవరిదో అడగక్కర్లేదు. పోలీసులకి చెబుదామంటే, వైరులో పారేదే దొంగ సినిమా. నాగసతీష్ పరిస్థితి తేలు కుట్టిన దొంగ పరిస్థితి అయింది.

నేరుగా టికెట్ల కిటికీ దగ్గరికి పోయాడు.

"ఏంటండీ ఇది? నా వైరు, నా బొమ్మ! ఇది దొంగతనమండీ!"

ఉమామహేశ్వరి గడ్డం కింద చెయ్యి పెట్టుకుంది. "ఏమన్నారూ? మళ్ళీ అనండి."

"దొంగ..." అని ఆగిపోయాడు.

"మీ బొమ్మ మీ దగ్గరే ఉంది కదండీ. వాళ్ళు చూస్తే అరిగిపోద్దేటండీ?"

వెనక చిన్నతల్లి కిసుక్కున నవ్వింది. నాగసతీష్‌కి ఒళ్ళు మండాలి. మండలేదు. ఇంత అందంగా తననెవరూ ఓడించలేదనిపించింది. ఏం చెయ్యాలో తోచక ఒక బాల్కనీ టికెట్టు కొన్నాడు.

"తాటిచెట్టెందుకెక్కేవురా అంటే దూడగడ్డికన్నాట్ట," అంది ఆవిడ, చిల్లరిస్తూ.

లోపల రేకుల మీద వాన మోగుతోంది. ఇంత పెద్ద హాల్లో అయిదారుగురు. కాశీవిశ్వనాథం గారు ఇస్త్రీ చొక్కాతో నిలబడి, టార్చిలైటు పట్టుకుని, ఖాళీ కుర్చీల మధ్యనుంచి నాగసతీష్‌ని ఎంతో మర్యాదగా సీటు దాకా తీసుకెళ్ళారు. "ఇక్కడ ఫ్యాను బాగా తగులుద్ది బాబూ," అన్నారు. ఎవరని తెలిసే అన్నారు. ఆ మర్యాదకి నాగసతీష్ తల ఎత్తలేకపోయాడు.

ఇంటర్వెల్‌లో ఉమామహేశ్వరి గోలీ సోడా పట్టుకొచ్చింది. ఈసారి వేళాకోళం లేదు.

"శుక్రవారం పెద్ద సినిమా వస్తోంది. అది కూడా ఇలాగే ఆడితే హాలు ధాన్యం గోడౌన్‌కి ఇచ్చెయ్యాల్సిందేనండి. వాళ్ళొచ్చి కొలతలు కూడా తీసుకెళ్ళేరు."

"అయ్యో."

"విజయకుమారి మా అమ్మండి. ఆవిడ పోయేక కూడా రోజూ సాయంత్రం ఆ పేరు మీద లైట్లు వెయ్యందే నాన్నగారు అన్నం తినరు. ఆ బోర్డు దింపేస్తే ఆయనేమైపోతారో నాకు భయంగా ఉంది."

నాగసతీష్ సోడా గటగటా తాగేసి, బుడ్డి పక్కన పెట్టాడు.

"ఆ సినిమా నేను వెయ్యనండి."

"ఊరంతా వచ్చి మీ గుమ్మంలో కూర్చుంటారు."

"కూర్చోనివ్వండి. మీరు కూర్చున్న గుమ్మమే కదా."

ఉమామహేశ్వరి ఖాళీ సోడాబుడ్డి తీసుకుని వెళ్ళిపోయింది. గోలీ శబ్దం మెట్లు దిగేదాకా వినిపించింది.

శనివారం మధ్యాహ్నం రాజమండ్రి బస్సులో ఆ సినిమా దొంగ సీడీ వచ్చింది. ఊరికి ఆ సంగతి సీడీకన్నా ముందే చేరింది. వంటలు పెందరాళే అయిపోయాయి. అయిదింటికి అందరూ టీవీలు పెట్టుకుంటే, తెర మీద పెద్ద పెద్ద అక్షరాలు: 'కొత్త సినిమా వెయ్యబడదు. విజయకుమారి టాకీసులో ఆడుచున్నది. టికెట్టు కొని చూడగలరు.'

పావుగంటలో ఊరు రోడ్డెక్కింది. "కేబుల్ నాగసతీష్ డౌన్ డౌన్!" దొరబాబు చేతిలో మైకు టాకీసుదే. చిన్నతల్లి అద్దెకిచ్చింది.

"నెలనెలా డబ్బులు కట్టేవాళ్ళని ఇలా మోసం చేస్తావా? ఇది పట్టపగలు దొంగతనం!" అని అరిచాడు దొరబాబు. ఆ మాట వాడి నోట విని నాగసతీష్‌కి నవ్వాగలేదు. దాంతో జనానికి ఇంకా మండింది.

మళ్ళీ జీపు. మళ్ళీ ధర్మరాజు.

"వేసెయ్యకూడదటయ్యా?"

"వేస్తే నేరం కదండీ సార్."

"వేస్తే నేరం, వెయ్యకపోతే గొడవ. నేరమైతే చూసీచూడనట్టు పోవచ్చు. గొడవతో అలా కుదరదు. నడు, జీపెక్కు."

"రోడ్డు మీద కూర్చుంది వాళ్ళు కదండీ? నేను లోపల కుర్చీలో ఉన్నాను!"

"అంతమందిని ఎక్కించడానికి నాకు జీపొకటే ఉంది."

నాగసతీష్ ఎక్కాడు. ఉమామహేశ్వరి కూర్చున్న సీటే. ఆ రోజు తను నవ్విన నవ్వు గుర్తొచ్చి సిగ్గేసింది. కేబుల్ గదికి తాళం పడింది. పైన వాన అందుకుంది. టీవీలో ఏమీ రాదు, ఇంట్లో వంటైపోయింది, చొక్కాలు వేసుకునే ఉన్నారు. జనం ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకుని, మెల్లగా టాకీసు వైపు నడిచారు. మైకు తిరిగిచ్చే వంకతో దొరబాబు ముందు నడిచాడు.

స్టేషన్లో బెంచీ మీద నాగసతీష్ చాలాసేపు కూర్చున్నాడు. సాక్ష్యానికి ఆ సీడీ పట్రమ్మని ధర్మరాజు, కానిస్టేబుల్ తాతాజీని పంపించాడు. సాక్ష్యం సరే, ఎస్సై వాళ్ళావిడ అప్పటికే రెండుసార్లు ఫోన్ చేసి సినిమా ఏదని అడిగింది.

తాతాజీ తిరిగొచ్చేసరికి గుమ్మంలో కాశీవిశ్వనాథం గారు, ఆయన వెనకే తడిసిన గొడుగుతో ఉమామహేశ్వరి.

"హౌస్‌ఫుల్ అండీ," అంది నాగసతీష్‌తో, రొప్పుతూ. "అదనంగా బెంచీలేసేం. అందుకే ఆలస్యమైంది." కళ్ళల్లో నీళ్ళు. వాన నీళ్ళు మాత్రం కాదు.

"సీడీ ముక్కలైపోయి బుట్టలో ఉందండి సార్," అన్నాడు తాతాజీ. "సొరుగులో ఇదొక్కటే దొరికింది." బల్ల మీద ఒక పొట్లం పెట్టి విప్పాడు.

నీలం చెప్పు. ఇత్తడి పువ్వు తళతళలాడుతోంది.

నాగసతీష్ నేల విచ్చుకుంటే దిగిపోదామని చూశాడు. అది గచ్చునేల.

"ఎవరిదయ్యా ఇది?" అన్నాడు ధర్మరాజు.

"నాదేనండి," అంది ఉమామహేశ్వరి. చెప్పు తీసుకుని అటూ ఇటూ తిప్పింది. "నెల్లాళ్ళ నుంచి వెతికిస్తున్నానన్నారు?"

"దొరికిందంటే మీరు మళ్ళీ రారు కదండీ," అన్నాడు నాగసతీష్. ఇంక దాచడానికి ఏమీ మిగల్లేదు. "మీరు రాని రోజు నాకు రోజులా ఉండదండి."

ధర్మరాజు దగ్గి, కాగితాలు సర్దుకున్నాడు. "జామీను ఎవరిస్తారు? వచ్చి సంతకం పెట్టేవాళ్ళు కుర్రాడికి ఏమవుతారో చెప్పాలి."

కాశీవిశ్వనాథం గారు చెప్పుని చూశారు, కూతుర్ని చూశారు. ఇరవయ్యేళ్ళుగా హాల్లో ఎవరెక్కడ కూర్చోవాలో ఒక్క చూపులో తేల్చేసే మనిషి.

"మావగార్నని రాసుకోండి," అన్నారు.

"నాన్నా!" అంది ఉమామహేశ్వరి.

"ఏమ్మా, కాదనమంటావా?"

"అది కాదండీ. నా చెప్పు కేసు తేలకుండా జామీనేంటి?" ఎస్సై వైపు తిరిగింది. "ఈయన మీద దొంగతనం ఫిర్యాదు ఇస్తానండి."

"ఒంటి చెప్పుకి కేసేంటమ్మా? అది అమ్ముకోడానికైనా పనికిరాదు."

"అదేనండి నా ఫిర్యాదు. ఒకటే ఎందుకు తీసేరు?" ఆ చెప్పు తెచ్చి నాగసతీష్ చేతిలో పెట్టింది. "దీని జత మా ఇంట్లో ఉంది, ఇన్నాళ్ళూ పారెయ్యకుండా దాచేను. రేపు పొద్దున్నే మీ వాళ్ళని తీసుకునొచ్చి, మర్యాదగా అడిగి పట్టుకెళ్ళండి."

"ఆయ్," అన్నాడు నాగసతీష్. చెప్పుని రెండు చేతులా పట్టుకున్నాడు.