అరుణ్ పేరు మీద

"ఫైలు ఆపిండ్రు చెల్లె," అన్నాడు సుదర్శన్, కాగితాన్ని బల్ల మీద పెడుతూ.

జగిత్యాల బస్టాండుకు దగ్గరలో, మెట్లెక్కి పోయే చిన్న ఆఫీసు అతనిది. చుట్టుపక్కల ఊళ్ళ వాళ్ళకు వీసా కాగితాలు సర్ది పెడుతుంటాడు. రజని ఎదురు కుర్చీలో కొంగు చివర నలుపుతూ కూర్చుంది. ఆమె భర్త దివాకర్ పోలండ్‌లో గోదాములో పనిచేస్తాడు. భార్యను తన దగ్గరికి పిలిపించుకుంటానని దరఖాస్తు పెట్టాడు. దానికి వచ్చిన జవాబు ఇది.

"పెండ్లాన్ని సాదుకునే తాకత్ ఉన్నదని రుజువు చెయ్యాలెనట. పోయిన ఏండ్ల ట్యాక్స్ కాగితాలు అడుగుతుండ్రు. మీ ఆయన దగ్గర అవి లేవు. పోలండ్‌ల మొదట పనిలకు పెట్టుకున్న ఏజెంటు లెక్కల్ల చూపియ్యలేదు, ట్యాక్స్ కట్టలేదు. ఇప్పుడు మంచి కంపెనీల ఉన్నడు గని మొన్న మొన్ననేనాయె."

"మరి ఎట్ల సార్?"

"ఇంతకు ముందు కూడ ఏండ్ల సంది కష్టపడి పైసలు పంపినోడే అని చూపెడితే, ట్యాక్స్ కాగితాలు ఎందుకు లేవో వివరంగ రాసి అడుగుదం. మస్కట్‌ల చేసిండన్నవు గదా, గప్పుడు పంపిన పైసల లెక్క ఏ బ్యాంకుల ఉన్నా తే."

రజని మెట్లు దిగి బస్టాండు వైపు నడిచింది. పెళ్ళయి ఆరేళ్ళు. అన్నీ కలిపితే మొగుడితో కాపురం చేసింది ఏడాది కూడా లేదు. ముప్పై అయిదు దాటుతున్నాయి, ఇంకా ఆలస్యమైతే కష్టమమ్మా అని డాక్టరమ్మ పోయిన నెలలోనే చెప్పింది. 

కోరుట్లలో ఇంటికి చేరేసరికి తోటికోడలు మంజుల వాకిట్లో బీడీలు చుడుతోంది. సంగతి విని చేతిలో ఆకు కింద పెట్టింది.

"మస్కట్ పైసల లెక్కనా?" అంది వింతగా. "నీకు తెల్వదు రజనీ, నువ్వు తర్వాత అచ్చినవు. మరిది మస్కట్‌ల ఉన్నన్నాళ్ళు మొదటి ఏడాది తప్ప ఈ ఇంటికి పంపిందేం లేదు. అత్త సచ్చేదాక అదే అడిగింది, నా కొడుకు సంపాదన యాడికి పోతున్నదని."

 ఎక్కడికి పోయింది? ఎవరికి పోయింది? ఇన్నేళ్ళూ తనకు తెలియని మనిషి ఎవరైనా...

సాయంత్రం ఫోన్‌లో అడిగింది. 

"అవి లేకుంటె నడవదా?" అన్నాడు దివాకర్.

"నడవదు. చెప్పు, ఎవలికి పంపినవు?"

"సిరిసిల్లల బాలవ్వ అని ఉంటది. నా దోస్తు అరుణ్ తల్లి. ఆమె బ్యాంకు పుస్తకం జిరాక్స్ తీస్కో. వేరే ముచ్చట ఏం పెట్టకు రజనీ. అరుణ్ ఎట్లున్నడని అడిగితే మంచిగున్నడని చెప్పు. అంతే."

"ఆమెకు నువ్వెందుకు పంపినవు?"

ఫోన్ కట్ అయింది.

సోమవారం వెళతానని అతనికి మెసేజి పెట్టింది గాని, ఆమెకు మనసు ఆగలేదు. ఆదివారమే రుద్రంగి మీదుగా పోయే బస్సెక్కింది.

సిరిసిల్లలో ఆ వీధంతా సాంచాల మోత. ఇంటింటా మరమగ్గాలు ఆడుతుంటే నేల సన్నగా అదురుతోంది. పక్కనున్న మనిషితో అరిచి మాట్లాడాల్సిందే. చివరి ఇంటి గడప ముందు మగవాళ్ళ చెప్పులు ఒక జత ఉన్నాయి. అప్పుడే ఎవరో కాళ్ళు కడుక్కొని లోపలికి పోయినట్టు అవి తడిగా ఉన్నాయి. రజని తలుపు తట్టబోయేంతలో అదే తెరుచుకుంది.

సన్నగా, ఎండిన కట్టెలా ఉన్న ముసలమ్మ. ఎవరివని అడగలేదు. "అచ్చినవా బిడ్డా, లోపటికి రా," అంది.

తన పేరు, దివాకర్ పేరు చెప్పి రజని లోపలికి నడిచింది. గోడవార మంచం మీద ఉతికిన దుప్పటి మడత చెడకుండా పరిచి ఉంది. కూర్చోబోతే బాలవ్వ చేయి పట్టుకొని ఆపింది. "అది అరుణ్‌ది. నువ్వు గీ పీట మీద కూసో." దండెం మీద వరుసగా చొక్కాలు. అన్నీ కొత్తవి, ఒకే కొలతవి, కొన్నిటికి అంగడి చీటీ కూడా తీయలేదు. పొయ్యి పక్కన రెండు కంచాలు బోర్లించి ఉన్నాయి. రెండూ తడిగానే ఉన్నాయి.

"కొడుకు వచ్చిండా అవ్వా?" అని అడిగింది రజని, గొంతు పెంచి.

"అస్తడు. దస్రకు దస్రకు అంగి కొంటనే ఉన్న. చెప్పులు రోజు కడుగుత, దుమ్ము పడుతది గదా."

అప్పుడు కరెంటు పోయింది.

వీధి వీధంతా ఒక్క దెబ్బకు మూగబోయింది. అంత మోత తర్వాత వచ్చిన ఆ నిశ్శబ్దం చెవుల్లో నీళ్ళు పోసినట్టు బరువుగా ఉంది. ఆ నిశ్శబ్దంలో గూట్లో ఉన్న ఫోన్ మోగింది. చెవులు సరిగ్గా వినపడవు కాబోలు, బాలవ్వ స్పీకరు నొక్కి ఒళ్ళో పెట్టుకుంది.

"అమ్మా... నేను, అరుణ్‌ను."

 ఆ గొంతు తన భర్తది.

తనతో ఎన్నడూ మాట్లాడనంత మెత్తగా మాట్లాడుతున్నాడు. మోకాళ్ళ నొప్పి ఎట్లుంది, మందులు తెచ్చుకున్నవా, ఇక్కడ మస్కట్‌ల ఎండలు బాగున్నయి, సేటు ఇంకా పాస్‌పోర్టు ఇస్తలేడు, ఇచ్చినంక వస్త... పోలండ్‌లో మంచు కురుస్తోందని నిన్న తనతో చెప్పిన మనిషే! రజని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అరవాలనిపించింది, పారిపోవాలనిపించింది. ఏదీ చేతకాలేదు. తల ఎత్తి చూస్తే, బాలవ్వ చూపు ఫోన్ మీద లేదు. కన్నార్పకుండా రజని మొహంలోకే చూస్తోంది.

"మంచిది బిడ్డా, పైలం," అని ఫోన్ పెట్టేసి, ముసలమ్మ లేచి పెట్టెలోంచి బ్యాంకు పుస్తకం తీసింది. "తీస్కపో. యాడ ఏలుముద్ర ఎయ్యమన్నా ఏస్త."

బస్సులో పుస్తకం తెరిచింది రజని. మస్కట్ నుంచి పైసలు వచ్చిన ప్రతిచోటా పంపిన మనిషి పేరు ఒకటే. అరుణ్.

ఇంటికి రాగానే దివాకర్‌కు ఫోన్ చేసింది. "ఇయ్యాల నువ్వు ఫోన్ చేసినప్పుడు నేను బాలవ్వ ఇంట్లనే ఉన్న," అంది అంతే. అవతల అతను వెక్కి వెక్కి ఏడ్చాడు. పెళ్ళయినప్పటి నుంచీ అతను ఏడవడం ఆమె వినలేదు.

"ఇద్దరం ఒక్క రూంల ఉండేటోళ్ళం రజనీ. నా కంపెనీ మూతపడ్డది, నా లేబర్ కార్డు పనికి రాకుంట పోయింది. అరుణ్ కార్డు నడుస్తుండె. ఒక శుక్రారం సముద్రానికి పోయినం. వాడు నీళ్ళల్లకు దిగిండు. మళ్ళ రాలె. బట్టలు, చెప్పులు ఒడ్డు మీద పెట్టుకొని పొద్దూకెదాక కూసున్న. పోలీసులకు చెప్తె నన్ను లోపలేస్తరని బుగులైంది. తెల్లారి కంపెనీ బండి అచ్చింది. డ్రైవరు అరుణ్ అని పిలిచిండు... నేను ఎక్కిన."

"కార్డు మీద ఫొటో ఉండదా?"

"ఆళ్ళకు మన మొఖాలు అన్ని ఒక్కతీరే. ఆనాటి సంది అరుణ్ అంటె పలికిన. వాని పని, వాని జీతం. ఆ జీతం ఎట్ల తినాలె? వాళ్ళవ్వకే పంపిన. ఫోన్ చేస్తె ఆమె అరుణా అన్నది. కాదనే ధైర్యం రాలె. కాగితాలు లేనోళ్ళు ఇండ్లకు పోవచ్చని అక్కడి సర్కారు మాఫీ ఇచ్చినప్పుడు నా పాస్‌పోర్టు మీద ఇంటికి అచ్చిన గని, వాడు నన్ను ఇడిసిపెట్టలేదు. ఒక్కోనాడు ఎవలన్న దివాకర్ అంటె నన్నే అని తెల్వకపోయేది."

రజనికి పెళ్ళినాడు జరిగింది గుర్తొచ్చింది. పీటల మీద అయ్యగారు పేరు పెట్టి మూడుసార్లు పిలిచినా అతను తల తిప్పలేదు. సిగ్గని అందరూ నవ్వారు. తానూ నవ్వింది.  ఆ పీటల మీద తన పక్కన కూర్చున్నది ఎవరు?

మర్నాడు సుదర్శన్ పుస్తకం తిప్పి చూశాడు. అతనికి ఆమె అంతా చెప్పలేదు, పైసలు దోస్తు పేరు మీద వచ్చాయని మాత్రమే అంది. "దీనికి తొవ్వ ఉన్నది," అన్నాడతను. "అరుణ్ అన్నా దివాకర్ అన్నా ఒక్క మనిషే అని నోటరీ కాగితం రాయిస్త. ఆ అవ్వ 'వీడు నా కొడుకే' అని ఏలుముద్ర ఏస్తె సాలు. మస్కట్ సంపాదన మొత్తం మీ ఆయనదే అయితది."

కాగితం అక్కడికక్కడే టైపు చేసిచ్చాడు. వద్దనలేదు రజని. డాక్టరమ్మ మాట చెవుల్లో గింగురుమంటోంది. దొంగతనం కాదు కదా, ఆ కష్టం నిజంగా తన మొగుడిదే కదా అని మరుసటి రోజు మళ్ళీ సిరిసిల్ల పోతూ దారి పొడుగునా తనకు తాను చెప్పుకుంది.

రజని తెచ్చిన సిరాపెట్టెను బాలవ్వ దగ్గరికి జరుపుకొని, బొటనవేలు అద్దింది. "ఏం రాసిండ్రో ఒకసారి చదువు బిడ్డా."

రజని చదవడం మొదలుపెట్టింది. "అరుణ్ అను పేరు, దివాకర్ అను పేరు ఒకే వ్యక్తివని, అతడు నా కుమారుడని..."  అక్షరాలు అలుక్కుపోయాయి. దండెం మీద చొక్కాలు గాలి లేకుండానే కదిలినట్టనిపించింది. ఈ వేలు పడితే అరుణ్ చచ్చిపోనూ లేదు, బతికీ లేడు. అసలు పుట్టనే లేదన్నట్టే. కన్నతల్లి చేతనే తుడిపేస్తున్నాను...

"ఎయ్యాల్నా?" అంది బాలవ్వ, సిరా అంటిన వేలు గాలిలో ఉంచి.

"వద్దవ్వా," అని రజని కాగితం లాక్కుంది. "నీకు ఒకటి చెప్పాలె... అరుణ్ అన్న..."

"నాకెరుకనే."

సాంచాల మోతలో ఆ మాట వినిపించీ వినిపించనట్టుంది. రజని తెల్లబోయి చూసింది.

"కన్న కొడుకు గొంతు తల్లికి తెల్వదా బిడ్డా? మొదటి ఫోన్‌కే తెలిసింది. నా అరుణ్ నన్ను ఏనాడు అమ్మా అనలే, అవ్వా అంటడు. ఎవడో పరాయి పోరడు, భయపడుకుంట, నా కొడుకు పేరు చెప్తుండు. వాడున్నడా సచ్చిండా అని అడిగితె నిజం చెప్పేటోడే. అందుకే అడగలే. అడగనంత సేపు సగం బతికున్నట్టే ఉండె. మొన్న నువ్వు అచ్చినప్పుడు, ఆ గొంతు ఇని నీ మొఖం పాలిపోయింది. గప్పుడు ఎరుకైంది, ఎవలి మొగడో నాకు కొడుకై మాట్లాడుతుండని."

రజని ఆమె కాళ్ళు పట్టుకొని ఏడ్చింది. "ఇన్నేండ్లు నీ కొడుక్కు కర్మ జరగకుంట చేసినం అవ్వా."

"నువ్వేం చేసినవు? ఆ పిల్లగాడు మటుకు ఏం చేసిండు? ఆకలైతె అన్నం పంపిండు. నా కొడుకు ఎట్ల పోయిండో చెప్పు. నీళ్ళల్లనా? నాకు కలల ఎప్పుడు తడి బట్టలతోనే అచ్చి నిలబడుతడు."

రజని చెప్పింది. ముసలమ్మ గట్టిగా ఏడవలేదు. లేచి, దండెం మీది చొక్కాలు ఒక్కొక్కటే తీసి మడత పెట్టింది.

ఆ కాగితాన్ని రజని పొయ్యిలో వేసింది. కొద్ది రోజులకే దరఖాస్తు తిరస్కరించినట్టు జవాబు వచ్చింది. ఈసారి తన పేరు మీద, తన సంపాదనకు పన్ను కాగితం దాఖలు చేసి, ఆ తర్వాతే మళ్ళీ అడుగుతానన్నాడు దివాకర్. ఎన్నాళ్ళు పడుతుందని రజని అడగలేదు. ఆ రోజు డాక్టరమ్మ ఆసుపత్రి ముందు నుంచే బస్సు పోతుంటే మొహం అటు తిప్పుకుంది.

మానేరు ఒడ్డున అరుణ్‌కు కర్మ చేశారు. శవం లేదు కనుక దర్భలతో బొమ్మ చేసి అయ్యగారు మంత్రాలు చదివాడు. మంజుల తనంతట తానే వచ్చి, అన్నం వండి, ఆకులో పిండాలు సర్ది పెట్టింది. "తెల్వక మరిదిని ఎన్ని మాటలన్ననో," అని రజని చేయి నొక్కింది.

పిట్టకు పెట్టే పిండాలు ఒడ్డున ఉంచి అందరూ దూరంగా జరిగారు. కాకులు వచ్చాయి. రాళ్ళ మీద, తుమ్మ కొమ్మల మీద బారులు తీరి కూర్చున్నాయి. ఒక్కటీ అరవలేదు. ఒక్కటీ దిగలేదు. ఎండ నడినెత్తికి వచ్చింది. అరుణ్ ఇష్టమని తెచ్చిన మిఠాయి పెట్టారు, కొత్త చొక్కా ఒకటి పక్కన పరిచారు. కాకులు మెడ తిప్పి చూస్తున్నాయే గాని కదలడం లేదు. నీళ్ళు కూడా పారుతున్న చప్పుడు లేదు.

"ఏదో కోరిక మిగిలింది," అన్నాడు అయ్యగారు మెల్లగా.

బాలవ్వ చాలాసేపు కాకులకేసి చూసింది. "మీ ఆయనకు ఫోన్ కలుపు బిడ్డా," అంది.

రజని వీడియో కాల్ చేసింది. అవతల దివాకర్ ఎత్తాడు. ఒడ్డు మీద తెల్లచీరతో నిలబడ్డ ముసలమ్మను చూసి అతను లేచి నిలబడ్డాడు. ఏ పేరుతో మాట్లాడాలో అతనికి తెలియలేదు.

"నా కొడుకు పేరు నీ దగ్గర ఉండిపోయింది," అంది బాలవ్వ. కోపంగా కాదు, ఇరుగుపొరుగును గిన్నె తిరిగి అడిగినట్టు. "వానికి ఇచ్చెయ్యి. అది లేకుంట ఎట్ల పోతడు?"

రజని ఫోన్‌ను నది వైపు తిప్పి పట్టుకుంది. 

"అరుణ్," అంది దివాకర్ గొంతు, ఏడుపులో తడిసి. "నీ పేరు నీదేరా. నేను దివాకర్‌ను. లస్మయ్య కొడుకును, కోరుట్లోన్ని. నిన్ను ఒడ్డు మీద ఇడిసిపెట్టి అచ్చిన. నన్ను మాఫ్ చెయ్యి..."

తుమ్మ కొమ్మ మీది నుంచి ఒక్క కాకి దిగింది. నింపాదిగా నడిచి వచ్చి, తల పక్కకు వంచి ఫోన్ వైపు ఒకసారి చూసింది. ఆపైన పిండం ముట్టింది. మిగతావి ఒక్కసారిగా రెక్కలు కొట్టుకుంటూ వాలాయి.

బాలవ్వ అప్పుడు ఏడ్చింది. ఇన్నేళ్ళ ఏడుపు ఇసుక మీద కూలబడి ఏడ్చింది. రజని, మంజుల చెరో పక్కన పట్టుకొని కూర్చున్నారు. ఏడుపు సద్దుమణిగాక ముసలమ్మ కొంగుతో మొహం తుడుచుకొని, ఫోన్ ఇంకా తెరిచే ఉందని చూసి చేతికి తీసుకుంది.

"దివాకరా," అని పిలిచింది.

ఆ పేరుకు అతను వెంటనే పలికాడు. "అవ్వా."

"రజని నా తాన ఉంటది, నీ కాగితాలు అయ్యెదాక. పైసలు పంపకు, నేను నూలు చుట్టుకొని బతుకుత. ఆదివారం మాత్రం ఫోన్ చెయ్యి కొడుకా."