ద్రాక్షగుత్తికి నీడ ఎటు?

మొయినాబాద్ చర్చిలో సండే స్కూల్ గది గోడకు ద్రాక్షతీగ వేసే పని ఇద్దరికి అప్పజెప్పారు. ఎడమ చివర నుంచి జెన్నీ, కుడి చివర నుంచి నతానియేలు. మధ్యలో కలవాలి. కలిశారు, కొట్లాటకు.

జెన్నీ సిటీలో మూడు నెలల డెకరేటివ్ పెయింటింగ్ కోర్సు చేసింది. వెడల్పు బ్రష్‌కు ఒక మూల రంగు, రెండో మూల నీళ్లు అద్ది ఒక్క లాగు లాగితే నీడ దానంతటదే పలచబడుతుందని ఆమెకు తెలుసు. ఆమెకు తెలుసన్న సంగతి గదిలో అందరికీ తెలుసు, ఆమే చెప్పింది కనుక. నతానియేలు చేవెళ్లలో దుకాణాలకు బొమ్మలు వేసేవాడు. సర్టిఫికెట్ లేదు.

"ఇదేంది? నీ పండ్లకు నీడ ఎడమ దిక్కు వడ్డది. నాయి కుడి దిక్కున్నయి!"

"అవు మేడం."

"వెలుగు ఎటుకెల్లి వస్తదో తెల్వకుండ షేడింగ్ ఎట్ల చేస్తరు? తోపుడుబండికి రంగేసుడనుకున్నవా?"

మహిళా సమాజం ఆడవాళ్లు ఫక్కున నవ్వారు. సమాజానికి పెద్ద జెన్నీ నాయనమ్మ సారమ్మే. "చేతగాకుంటె ముందే చెప్పాలె బిడ్డా" అని నతానియేలును అప్పుడే పంపించేసింది. అతను తన బ్రష్షులు కడుక్కొని, జెన్నీవి కూడా కడిగిపెట్టి వెళ్లాడు. సారమ్మ మాట బస్సు కన్నా జోరుగా పోతుంది. సాయంత్రానికల్లా కొండకల్‌లో అతను ఒప్పుకున్న ఇంటి పని కూడా పోయింది.

మర్నాడు పొద్దున అతని పండ్లు చెరిపేయడానికి జెన్నీ ఒక్కతే వచ్చింది. రోడ్డు దుమ్ముకు భయపడి వారంగా మూసి ఉంచిన కిటికీని, రంగు వాసన పోవడానికని తెరిచింది. కిటికీ గోడకు కుడివైపున ఉంది. ఎండ అటు నుంచే వచ్చి పడింది.

నతానియేలు పండ్లు కోసుకోవచ్చన్నట్టున్నాయి. ఆమెవి గోడకు కొట్టిన పిడకల్లా ఉన్నాయి.

కోర్సులో ఇచ్చిన కాగితంలో వెలుగు ఎడమ నుంచి వస్తుందని ఉంది. ఆమె కాగితాన్ని చూసింది, అతను గదిని చూశాడు. జెన్నీకి చెవులు కాలిపోయాయి. చెరిపేస్తే ఎవరికీ తెలియదు. తెల్ల రంగు డబ్బా మూత తీసింది కూడా. మళ్లీ పెట్టేసి చేవెళ్ల బస్సెక్కింది.

కూరగాయల మార్కెట్ దగ్గర ఒక షట్టర్ మీద అతను టమాటా వేస్తున్నాడు.

"తప్పు నాదే" అంది షట్టర్‌తో. మనిషిని చూడటానికి ముఖం చెల్లలేదు. "కిటికీ సంగతి సోయి లేకపాయె."

"నాకు మొదటి రోజే తెలుసు."

"మరి చెప్పలేదేంది?"

"చెప్తె నాతోని మాట్లాడవని." టమాటాకు అక్కర్లేని మెరుపు మరొకటి పెట్టాడు. "మధ్యల కలిసేదాక ఊకుందామనుకున్న. నాది గూడ సిగ్గులేని పనే."

"టమాట ఖరాబైతున్నది."

"నువ్వు చూస్తుంటె గట్లనే అయితది."

జెన్నీ ఈసారి ఎందుకు తలదించుకుందో ఆమెకే సరిగ్గా తెలియలేదు.

ఆదివారం ఆరాధన కాగానే జెన్నీ మహిళా సమాజం వాళ్లందరినీ గదిలోకి పిలిచి కిటికీ తెరిచింది. నతానియేలు గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

"నీడ తప్పుగ ఏసింది నేను. అందరి ముందట ఆయనను అన్నది నేను. ఆయనకు పని వచ్చు. నాకే రాదు."

ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేదనిపించింది. సారమ్మ కళ్లద్దాలు తుడుచుకొని రెండు వైపుల గుత్తులూ చూసింది.

"చూడకుండ పంపిచ్చిన నాది గూడ తప్పే. కొండకల్ వాళ్లకు నేనే చెప్త" అంది. తర్వాత మనవరాలి వైపు తిరిగింది. "గాని, గీ మాటకు చేవెళ్ల దాక బస్సుల వోయినవంట? ఫోన్ చేస్తె అయిపోకపాయెనా?"

ఆడవాళ్లందరూ ఒకరి మోచేతిని ఒకరు పొడుచుకున్నారు. జెన్నీకి నేల విచ్చుకుంటే బాగుండనిపించింది.

"చేసింది అవ్వా. నేనే ఎత్తలె" అన్నాడు నతానియేలు.

సారమ్మ అతణ్ణి తల నుంచి చెప్పుల దాకా చూసింది. "గట్లనా! ఇంటికి రా బిడ్డా, బువ్వ తిని పోదువు."

జెన్నీ దగ్గర అసలు అతని నంబరే లేదు.