తాతయ్య చేతి ముక్క

"మీ అమ్మాయికి కళ్ళజోళ్ళ కొట్లో అద్దాలు తుడవడం తెలుసు గానీ, కన్నబిడ్డ పళ్ళు తోమడం తెలీదు చెల్లెమ్మా! పిల్లల్ని ఎలా పెంచాలో మీరైనా చెప్పి పంపాల్సింది!"

మామగారు ఆ మాట అన్నది కోడలి ఎదుటే, ఆమె తల్లితో! ఆరేళ్ళ పిచ్చుక అప్పుడే తాతయ్యతో పళ్ళ డాక్టరు దగ్గర నుంచి వచ్చి, నోట్లో దూది కరిచిపట్టుకుని అమ్మ ఒళ్ళో మూలుగుతోంది. ఒకటి కాదు రెండు కాదు... మూడు పాలపళ్ళు పీకేశారు! మనవరాలిని చూద్దామని పరుగున వచ్చిన కోడలి తల్లి, చేతిలోని మంచినీళ్ళ గ్లాసు తాగకుండానే కింద పెట్టేసింది. "వస్తాను అన్నయ్యగారూ" అని ఒక్క మాట అని మెట్లు దిగి వెళ్ళిపోయింది. ఆ వెళ్ళడం వెళ్ళడం, నాలుగు నెలలైనా ఆ గడప తొక్కలేదు!

కోడలి గుండె భగ్గున మండిపోయింది. ఆ పళ్ళు ఎవరివల్ల పుచ్చాయో ఆమెకు తెలియదా? మామగారు నలభై ఏళ్ళు బేకరీలో చెయ్యి తిరిగిన పనివాడు. వీధి వీధంతా ఆయన్ని 'బన్నుల మాస్టారు' అనే పిలుస్తుంది. పని మానేశాక ఇంట్లోనే చిన్న ఓవెన్ పెట్టుకున్నాడు. ఆమె పనికి వెళ్ళిన క్షణం నుంచి తిరిగొచ్చేదాకా పిల్లలిద్దరి నోళ్ళూ ఆడుతూనే ఉండేవి. క్రీము బన్నులు, పంచదార అద్దిన బిస్కెట్లు... వద్దని ఎన్నిసార్లు బతిమాలింది! "తాత ప్రేమ నీకేం తెలుసమ్మా" అని నవ్వి ఊరుకునేవాడు. చేసిందంతా చేసి, నింద తన మీదా... తన మీదంటే సరే, తల్లి మీద కూడానా!

"నాన్న నోరు జారారు, వదిలెయ్" అన్నాడు మెకానిక్ భర్త, చేతుల గ్రీజు కడుక్కుంటూ.

"వదిలేస్తాను" అంది ఆమె. వదల్లేదు!

మరునాడు వంటింటి గోడ మీద కాగితం వెలిసింది. ఏ రోజు ఏ కూర, ఏ పూట ఏ పండు, వారం మొత్తం గీతలు గీసి రాసింది. మైదా డబ్బా, పంచదార సీసా పక్కింటికి చేరాయి. ఓవెన్ మీద దుప్పటి కప్పి, దాని పైన ఇస్త్రీ బట్టలు పేర్చింది. "పిల్లల ఆరోగ్యం కోసం మామయ్యగారూ... డాక్టరే చెప్పారు" అంది చిరునవ్వుతో. ఆయన ఆ దుప్పటి వైపోసారి చూసి ముందుగదిలోకి వెళ్ళిపోయాడు.

ఆశ్చర్యమేమిటంటే, పిల్లలకు ఆ కొత్త భోజనం మహా ఆటైపోయింది! బఠానీలు వలుస్తూ పిచ్చుక లెక్కలు నేర్చుకుంది. మూడేళ్ళ గుండుగాడు క్యారెట్ చక్రాలను పళ్ళెం చుట్టూ బండిలా నడిపించి మరీ మింగేవాడు. సాయంత్రాలు వంటిల్లు నవ్వులతో నిండిపోయేది. ఆ నవ్వులన్నీ ముందుగదిలో ఒంటరిగా కూర్చున్న ముసలాయనకు వినబడాలనే ఆమె తలుపు తెరిచి ఉంచేది! ఆయన పళ్ళెంలో ఉడకబెట్టిన చిక్కుళ్ళు వడ్డించి, ఆయన ముద్ద దిగక నీళ్ళు తాగుతుంటే చూసేది. కడుపు చల్లబడేది. కానీ ఎంతసేపు? తల్లి దిగి వెళ్ళిపోయిన మెట్లు కళ్ళబడగానే మళ్ళీ మంట మొదలయ్యేది.

చివరికి ఒక ఆదివారం మధ్యాహ్నం తల్లిని బతిమాలి భోజనానికి పిలిపించింది. తల్లి కూర్చున్న చోటే, తల్లి వింటుండగానే ఆయన తల దించాలి! అందుకోసం వారం రోజులుగా పిచ్చుకకు మాటలు నేర్పింది.

అందరూ కూర్చున్నారు. ముసలాయన కోడలి తల్లి ముఖం చూడలేక, పక్కనున్న గుండుగాడి నోటికి ఓ క్యారెట్ ముక్క అందించాడు. కోడలు అదే అదను అనుకుంది.

"పిచ్చుకా! నీ పళ్ళు ఎందుకు పోయాయో అమ్మమ్మకు చెప్పమ్మా!"

పిల్ల లేచి నిలబడి, నేర్చిన పాఠం గడగడా చదివింది. "తాతయ్య బన్నులు పెట్టాడు, అందుకే పోయాయి." అక్కడితో ఆపాల్సింది. ఆపలేదు... "తాతయ్య చెడ్డవాడు. తాతయ్య చేత్తో పెట్టేదంతా విషం! తింటే చచ్చిపోతాం!"

గుండుగాడు బిక్కచచ్చిపోయాడు. నోట్లోని ముక్కను అరచేతిలోకి ఉమ్మేసి, పరుగున వెళ్ళి అమ్మ వెనక దాక్కున్నాడు.

ముసలాయన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. నలభై ఏళ్ళు ఊరందరికీ తినిపించిన చెయ్యి! కోరుకున్నట్టే ఆయన తల వాలిపోయింది. కానీ కోడలికి సంతోషం రాలేదు... విషం అన్న మాట తను నేర్పలేదు. నేర్పలేదు సరే, పొయ్యి దగ్గర పళ్ళు నూరుతూ తను గొణిగినవన్నీ పిల్ల వింటూనే ఉంది కదా!

తల్లి మెల్లగా లేచింది. "ఆ రోజు నాకు అవమానం జరిగింది, నిజమే! చాలా రోజులు ఏడ్చాను. కానీ నా పగ నా మనవరాలి నోట్లో పెట్టి తీర్చమని నేనడిగానా తల్లీ?"

"అమ్మా... నీకోసమే..."

"నాకోసం కాదు. నీ మంట కోసం!"

అప్పుడు ముసలాయన తలెత్తాడు. "మీ అమ్మాయినేం అనకండి చెల్లెమ్మా! తప్పు నాదే. స్వీట్లెవరు పెడుతున్నారని డాక్టరు నన్నే నిలదీశాడు. ఒప్పుకోడానికి సిగ్గేసి, ఆ సిగ్గంతా మీ మీద కక్కాను... నన్ను క్షమించమ్మా, నువ్వు కూడా!" అని కోడలి వైపు చేతులు జోడించాడు. ఆ చేతులు పట్టుకుని ఆమె వెక్కి వెక్కి ఏడ్చింది. "వద్దు మామయ్యగారూ! నేనూ తప్పు చేశాను..."

పెద్దవాళ్ళు కళ్ళు తుడుచుకుంటే సరిపోయింది. పిల్లల సంగతి అలా కాదే! మర్నాడే కోడలు ఓవెన్ మీది దుప్పటి తీసి, ఆయన చేత గోధుమపిండిలో క్యారెట్ తురుము కలిపి తీపి లేని రొట్టె చేయించింది. వేడివేడిగా ముక్క తుంచి తాతయ్య చెయ్యి చాస్తే, ఇద్దరూ కదల్లేదు. అమ్మ ముఖం వైపు భయంగా చూశారు.

ఆమె వంగి, ఆయన చేతిలోని ముక్కను ముందుగా తన నోట్లో పెట్టించుకుంది. నమిలి, మింగి, నోరు తెరిచి చూపించింది. ఆ తర్వాతే పిల్లలు తిన్నారు. ఆ రోజే కాదు, ప్రతిరోజూ అంతే! పనికి ఆలస్యమైనా సరే, మొదటి ముక్క తనదే. ఆయన మీద కోపం పూర్తిగా పోయిందా అంటే, పోలేదు. ఒక్కోసారి ఆ ముక్క గొంతులో అడ్డంపడేది. అయినా మింగేది.

నలభయ్యో రోజో, యాభయ్యో రోజో... ఆమె చెప్పులు వేసుకుని ముక్క కోసం వంటింట్లోకి వచ్చేసరికి, గుండుగాడు తాతయ్య ఒళ్ళో కూర్చుని బుగ్గలు ఉబ్బించుకుని నములుతున్నాడు. పిచ్చుక రెండో ముక్క కోసం చెయ్యి చాచింది.

ఆమె రావడం వాళ్ళు చూడనే లేదు.