రూతు పావడాకు మూడు గీతలు

"ఒకటి, రెండు, మూడు," అంటూ సుబ్బరత్నం రూతు పావడా మీద వేలు పెట్టి గీతలు లెక్కపెట్టింది. "మూడేళ్ళ పావడా ఇది. మూడో తరగతిలో కుట్టించారు కదూ?"

శనివారం. ఒంటిపూట బడి అప్పుడే వదిలారు. గేటు దగ్గరున్న పిల్లలందరూ వంగి మరీ చూశారు. ఇద్దరు నవ్వారు.

రూతుకు ఒళ్ళు మండిపోయింది. సుబ్బరత్నాన్ని ఒక్క తోపు తోసింది. ఆమె చేతిలోని పుస్తకాలన్నీ బురదలో పడ్డాయి.

లెక్క మాత్రం తప్పు కాదు. ఆ రోజుల్లో, అంటే డెబ్భై నాలుగులో, కంకిపాడులో చాలా ఇళ్ళల్లో ఆడపిల్లల పావడాకు గుడ్డ ఎక్కువ తీసుకునేవారు. ఎక్కువైన గుడ్డను అడుగున మడతలు వేసి కుట్టించేవారు. పిల్ల ఎదిగేకొద్దీ ఏడాదికో మడత విప్పేవారు. మిగతా పావడా ఎండకూ ఉతుకుడుకూ వెలిసిపోయేది. మడతలో ఉన్న గుడ్డ మాత్రం కొత్తగా, ముదురుగా ఉండేది. విప్పగానే పావడా చుట్టూ నల్లగా ఒక గీత కనిపించేది. ఈ మడతలు కనిపెట్టినవాళ్ళెవరో గానీ, ఆ పావడా కట్టుకుని వాళ్ళు ఒక్కరోజు కూడా బడికి వెళ్ళి ఉండరు.

గొడవ విని అబ్రహాము మాస్టారు గేటు దగ్గరకు వచ్చారు.

"రూతూ, సోమవారం ప్రేయరులో వార్తలు చదవాల్సింది నువ్వే కదా? కొట్లాడేవాళ్ళను మెట్టెక్కించను. ఈ గొడవ నువ్వే సరిచేసుకుని రా. లేకపోతే సుబ్బరత్నం చదువుతుంది."

ఆ మెట్టు కోసం రూతు బడి తెరిచినప్పటి నుంచి ఎదురుచూస్తోంది. సరుకులు కట్టి ఇచ్చిన పొట్లాల కాగితాలు కూడా పైకి చదివి అలవాటు చేసుకుంది. ఇప్పుడు మెట్టెక్కినా, ఆ మూడు గీతలూ బడి మొత్తానికి ఎదురుగా ఉంటాయి.

*

ఇంటికి వెళ్ళే దారిలో పంచాయతీ బావి ఉంది. ఏసుపాదం బాబాయి బావిలో బ్లీచింగ్ పౌడరు కలుపుతున్నాడు. ఆ నీళ్ళు చిందినచోటల్లా అతని ఖాకీ చొక్కా తెల్లబడింది. రూతు అది చూసింది.

"బాబాయ్, కొంచెం పౌడరు ఇస్తావా? కాలవలో చల్లడానికి అమ్మ అడిగింది."

అమ్మ అడగలేదు. అమ్మ పొద్దున్నే నాట్లకు వెళ్ళింది.

ఇంటికి రాగానే రూతు పాత గౌను వేసుకుంది. పౌడరును నీళ్ళలో కలిపి ముద్ద చేసింది. మూడు గీతల్లో అన్నిటికన్నా ముదురుగా ఉన్నది అడుగు గీత. దానికి ఆ ముద్ద పులిమింది. గీత వెలిసి, పావడా రంగులో కలిసిపోతుందని ఆమె ఆశ.

గంట తర్వాత ఉతికి చూసింది. గీత పోయింది. గీత ఉన్నచోట పసుప్పచ్చ మచ్చలు, తెల్ల మచ్చలు పడ్డాయి. ఒకచోట గోరు తగలగానే గుడ్డ చిరిగింది. రూతు ఆ పావడాను విసిరి గోడకేసి కొట్టింది. తప్పు పావడాది కాదని తెలుసు. అందుకే ఇంకా కోపం వచ్చింది.

*

సాయంత్రం అమ్మ దానమ్మ వచ్చింది. మోకాళ్ళదాకా బురద. రోజూలాగే ముందు స్నానం చేసింది. తల దువ్వి నున్నగా ముడి వేసుకుంది. గంజి పెట్టిన తెల్ల చీర తీసి, కుచ్చిళ్ళు సరిచేసుకుంటూ కట్టుకుంది. దానికి సన్నటి ఎర్ర అంచు.

రూతు మూలన కూర్చుని చూస్తోంది.

"అమ్మా, నాకు కొత్త పావడా కావాలి."

"క్రిస్మస్‌కి చూద్దాం."

"నీకు మాత్రం రోజూ ఇస్త్రీ చీర కావాలి. బురదలో పనిచేసేదానికి ఈ సోకులెందుకు?"

అన్నాక రూతుకే భయం వేసింది. దానమ్మ చేతిలో కుచ్చిళ్ళు ఆగిపోయాయి.

"పొద్దుట్నించీ వంగి నాట్లేసొచ్చాను. ఈ ఒక్క గంటా నాది," అంది దానమ్మ. గొంతు పెంచలేదు. "నా తల నేను దువ్వుకుంటాను. నా చీర నేను కట్టుకుంటాను. ఎవరికో చూపించడానికి కాదు. నువ్వెవరివే అడగడానికి?"

గోడ పక్కన పడి ఉన్న పావడా అమ్మ కంటబడింది. ఎత్తి చూసింది.

"ఎవరు చేశారిది?"

"నేనే."

"అయితే బాగుచేసేది కూడా నువ్వే. సోమవారం ఇదే కట్టుకుని పో."

అంతే అంది. అన్నం పెట్టింది గానీ మాట్లాడలేదు. రెండు దెబ్బలు వేసి ఉంటే బాగుండేదనిపించింది రూతుకు.

*

ఆదివారం గుడిలో ప్రార్థన అయ్యి ఇంటికి వచ్చాక రూతు సూది పట్టుకుని కూర్చుంది. క్రాఫ్ట్ పిరీడులో నేర్చుకున్న కుట్లు వచ్చు. చిరుగు కుట్టింది. కోపంతో కుట్టడం వల్ల గుడ్డ ముడుచుకుపోయింది. విప్పి మళ్ళీ కుట్టింది. సూది రెండుసార్లు వేలిలో దిగింది. ఎంత కుట్టినా మచ్చలు మాత్రం దారంతో పోయేవి కావు.

చాలాసేపు ఆలోచించి వంటింటి గడప దగ్గరకు వెళ్ళింది.

"అమ్మా, చిరిగిపోయిన నీ తెల్ల చీర ఉంది కదా. దాని ఎర్ర అంచు ఇస్తావా?"

"బురదలో పనిచేసేదాని చీర అంచు నీకెందుకు?"

రూతు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నిన్న అలా అనకుండా ఉండాల్సిందమ్మా. సుబ్బరత్నం మీద కోపం నీ మీద చూపించాను."

దానమ్మ పెట్టె తెరిచింది. చీర, కత్తెర తెచ్చి కూతురి ఒళ్ళో పడేసింది. "వంకర పోకుండా కత్తిరించు," అంది. ఆమె కోపం ఇంకా తగ్గలేదు.

రూతు అంచు కత్తిరించి, మచ్చల మీద పావడా చుట్టూ వేసి కుట్టింది. మధ్యాహ్నం మొత్తం పట్టింది. కోపం పోలేదు గానీ, చేతికి పని దొరికింది. కుట్టు కుట్టుకూ గుడ్డ తిన్నగా వచ్చింది.

దానమ్మ వచ్చి చూసింది. "పైన రెండు గీతలున్నాయిగా. అవి కూడా కప్పెయ్యి. అంచు ఇంకా మిగిలింది."

రూతు ఆ గీతలను వేలితో తడిమింది.

"వద్దమ్మా. దాచబోయే కదా ఇంత చేసుకున్నాను."

క్రాఫ్టు సంచిలో మిగిలిన ఎర్రదారం తీసింది. ఆ రెండు గీతల వెంట గొలుసు కుట్టు కుట్టుకుంటూ పోయింది. ఇప్పుడవి ఇంకా బాగా కనిపించాయి.

*

సోమవారం రూతు తలస్నానం చేసి, తన జడలు తనే గట్టిగా అల్లుకుని, రిబ్బన్లు కట్టుకుంది. బడిలో నేరుగా సుబ్బరత్నం దగ్గరకు వెళ్ళింది.

"నీ పుస్తకాలు బురదలో పడేసింది నేను. అది నా తప్పు. పాడైన కాగితాలు నేను రాసిస్తాను," అంది. "కానీ ఇంకోసారి నా పావడా మీద వేలు పెట్టావంటే ఊరుకోను."

సుబ్బరత్నం ఆ ఎర్ర గొలుసు కుట్టు వైపు చూసి, చెయ్యి వెనక్కి పెట్టుకుంది.

అబ్రహాము మాస్టారు పక్కనే ఉన్నారు. "యూనిఫారానికి ఈ ఎర్ర అంచేమిటి?"

"బ్లీచింగ్ పౌడరు పెట్టి పాడు చేశానండి. మళ్ళీ నేనే కుట్టుకున్నానండి. నాకు ఇది ఒక్కటే పావడా ఉందండి. మూడేళ్ళదండి. లోపల ఇంకో మడత ఉంది, వచ్చే ఏడాదికి."

మాస్టారు కళ్ళజోడు సరిచేసుకుని కుట్టు చూశారు. వార్తల కాగితం ఆమె చేతికిచ్చారు.

రూతు మెట్టెక్కింది. గీతలు కనబడకుండా పావడాను చేత్తో వెనక్కి నొక్కుకోలేదు. కాగితం రెండు చేతులతో పట్టుకుంది. గొంతులో ఇంకా కొంచెం కోపం ఉంది. అందువల్లనేమో, చివరి వరసలో ఉన్న పిల్లలకు కూడా ప్రతి మాటా వినిపించింది.

ఆ సాయంత్రం దానమ్మ పొలం నుంచి వచ్చేసరికి కాగులో వేణ్ణీళ్ళు కాగుతున్నాయి. అమ్మ విప్పి పెట్టిన తెల్ల చీరకు రూతు పొద్దున బడికి వెళ్ళేముందే గంజి పెట్టి ఆరేసింది. ఇప్పుడు ఇత్తడి చెంబులో నిప్పులు వేసుకుని, ఆరిన ఆ చీర మీద మెల్లగా తిప్పుతోంది.

దానమ్మ స్నానం చేసి వచ్చి చీర అందుకుంది. అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇక్కడ ముడత పోలేదు," అంది.

"తే, మళ్ళీ చేస్తాను," అంది రూతు. "నువ్వు ఈలోగా తల దువ్వుకో."